ఉద్యోగం దొరికిన తరువాత

మన పాత సినిమాల్లో నాయికానాయకుల మెడలో పూలదండలు పడగానే తెరమీద 'శుభం' అని అక్షరాలు కనిపించేవి. ఆ తరువాత ఆ దంపతులు ఎలా సంసారం చేశారో, నెలాఖరుకు పాలవాడికి డబ్బు ఎలా సర్దారో దర్శకుడికి అక్కరలేదు. మన మధ్యతరగతి ఇళ్లలో ఉద్యోగం కథ కూడా సరిగ్గా ఇలాగే నడుస్తుంది. అబ్బాయికి ఆర్డరు వచ్చిందా, వీధిలో నలుగురికీ స్వీట్లు పంచారా, అన్నవరం వెళ్లి వ్రతం చేయించుకు వచ్చారా - ఇక శుభం! ఆ వెనక మిగిలి ఉన్న ముప్ఫయి, ముప్ఫయి అయిదేళ్ల సంగతి ఎవరికీ పట్టదు.

డిగ్రీ కాలేజీలో తెలుగు చెప్పుకునే వాడికి ఈ గొడవ ఎందుకని మీరు అడగవచ్చు. నిజమే, నేను చెప్పేది ఛందస్సు, ప్రబంధాలు, వ్యాకరణం. కాని, చదువు ముగించి వెళ్లిన శిష్యులు పదేళ్ల తరువాత నాకు ఫోను చేసేది ఉత్పలమాల లక్షణం అడగడానికి కాదు. "మేష్టారూ, నా ప్రొబేషను ఇంకా డిక్లేరు కాలేదండీ," "సార్, నాకంటే వెనక చేరిన వాడికి ప్రమోషను ఇచ్చేశారు" - ఇవీ వాళ్ల మాటలు. వినగా వినగా నాకు ఒకటి తోచింది. ఉద్యోగం సంపాదించడం ఎలాగో చెప్పేవాళ్లు వీధికి నలుగురున్నారు. దొరికిన ఉద్యోగంలో పెరగడం ఎలాగో చెప్పేవాళ్లే కనబడరు.

ముందుగా, ఇంకా ఆర్డరు చేతికి రాని వాళ్ల గురించి రెండు మాటలు చెప్పి అసలు విషయానికి వస్తాను. తెలంగాణలో 2022 ఏప్రిల్‌లో 503 గ్రూప్-1 ఉద్యోగాలకు ప్రకటన వెలువడింది. అక్టోబరులో ప్రిలిమినరీ జరిగింది. ప్రశ్నపత్రాలు బయటికి పొక్కాయని 2023 మార్చిలో దాన్ని రద్దు చేశారు. జూన్‌లో మళ్లీ పెట్టారు. సెప్టెంబరులో హైకోర్టు దాన్నీ కొట్టివేసింది. 2024 ఫిబ్రవరిలో పాత ప్రకటన తీసివేసి 563 ఉద్యోగాలకు కొత్తది ఇచ్చారు. జూన్‌లో ప్రిలిమినరీ, అక్టోబరులో మెయిన్సు జరిగాయి. అంటే మొదటి ప్రకటన చూసి అశోక్‌నగర్‌లో గది అద్దెకు తీసుకున్న కుర్రవాడు అసలు పరీక్ష రాయడానికి రెండున్నరేళ్లు పట్టింది. అందులో అతని తప్పు ఆవగింజంత లేదు. అయినా వయసు మాత్రం అతనిదే కదా!

అందుకని పోటీ పరీక్షలకు కూర్చోవద్దని నేను అనను. ఎన్నేళ్లు కూర్చోవాలో మొదటిరోజునే తండ్రీ కొడుకులు కలిసి నిర్ణయించుకోమంటాను. రెండేళ్లనుకుంటే రెండేళ్లు. ఆ గడువులోపల కూడా సగం పూట ఏదో ఒక పని చేస్తూ ఉండాలి. ట్యూషన్లు కావచ్చు, ఆడిటరు దగ్గర పద్దులు రాయడం కావచ్చు. ఇరవై ఎనిమిదేళ్ల వాడు ఇంటర్వ్యూలో "ఈ ఆరేళ్లూ ఏం చేశావు?" అంటే చెప్పడానికి మాట ఉండాలి. ఇంట్లో పెద్దవాళ్లు కూడా "వాడు చదువుకుంటున్నాడు, కదిలించకండి" అని తలుపు దగ్గరకు వేయడం ప్రేమ అనుకుంటారుగాని, ఆ తలుపు వెనక కుర్రవాడు పడే బెంగ వాళ్లకు తెలియదు. నాకు కొంత తెలుసు. రాత్రి పదకొండు గంటలకు నాకు ఫోన్లు చేసేది వాళ్లే.

ఇక అసలు విషయం. ఉద్యోగంలో చేరిన నెలలో చూసుకోవలసింది కుర్చీ ఎక్కడ వేశారని కాదు, కాగితాలు ఎలా ఉన్నాయని. ప్రభుత్వోద్యోగికి సర్వీసు రిజిస్టరే జాతకచక్రం. పుట్టిన తేదీ, పేరు, చదువు, చేరిన తేదీ, సెలవులు, ఇంక్రిమెంట్లు, నామినీ అన్నీ అందులోనే. కేంద్ర ప్రభుత్వ కొలువుల్లో దాన్ని ఏడాదికొకసారి ఉద్యోగికి చూపించి సంతకం తీసుకోవాలని నిబంధన ఉంది. ఎంతమంది అడిగి చూస్తారు? పదవ తరగతి సర్టిఫికెట్లో ఇంటిపేరు ముందు, ఆధారులో వెనక, రిజిస్టరులో అసలు లేకుండా మూడు పేర్లతో ముప్ఫయి ఏళ్లు గడిపి, పెన్షను కాగితాలు కదిలే రోజున తెల్లమొహం వేసేవాళ్లను చూశాను. పుట్టిన తేదీలో పొరపాటుంటే కేంద్ర ఉద్యోగి చేరిన అయిదేళ్లలోపే సవరణ కోరాలి. ఆ గడువు దాటాక మొరపెట్టుకున్నా వినేవాళ్లు ఉండరు. కాబట్టి ఒక ఫైలు కొని, ప్రతి ఆర్డరు నకలూ తేదీ వరసన అందులో పెట్టుకోండి. నగలపెట్టెకిచ్చిన చోటే దానికీ ఇవ్వండి.

తరువాతవి డిపార్ట్‌మెంటల్ పరీక్షలు. వీటి పేరు చెబితే మనవాళ్లకు ఒళ్లు మంట. "మళ్లీ పరీక్షలా? ఉద్యోగం వచ్చింది కదండీ!" అంటారు. మా శిష్యుడొకడు తెలివైనవాడు, 2019లో ఉద్యోగంలో చేరాడు. శాఖా పరీక్ష పాసయితేనే ప్రొబేషను ఖరారని ఆర్డరులోనే రాసి ఉంది. మొదటిసారి చెల్లెలి పెళ్లి అడ్డు వచ్చింది, రెండవసారి పంట కోతలు. అతనితో కూడా చేరినవాళ్లు పూర్తి స్కేలు జీతాలు తీసుకుంటూ ఉంటే ఇతను ఇంకా మొదటి మెట్టు మీదే ఉన్నాడు. పైగా అతను చదవవలసింది ఎంతనుకున్నారు? నెల రోజులు, రోజుకు గంట.

ఉపాధ్యాయుల సంగతి చూడండి. మన రెండు రాష్ట్రాల్లోనూ ఒకే పోస్టులో ఉండిపోయిన వాళ్లకు 6, 12, 18, 24 ఏళ్లకు పై స్కేళ్లు ఇచ్చే పద్ధతి ఉంది. ఆరేళ్లది దానంతట అదే వస్తుంది. పన్నెండేళ్లది రావాలంటే మాత్రం పై పోస్టుకు కావలసిన అర్హతలు ఉండాలి. హైస్కూలు హెడ్మాస్టరు కావలసిన వాళ్లు గెజిటెడ్ ఆఫీసర్స్ టెస్టు, ఎగ్జిక్యూటివ్ ఆఫీసర్స్ టెస్టు పాసు కావాలి. వీటిలో కొన్ని పేపర్లు పుస్తకాలు దగ్గర పెట్టుకునే రాయవచ్చు. పుస్తకం చూసి రాసే పరీక్షలో కూడా తప్పుతారా అని నవ్వకండి. ఏ నిబంధన ఏ పేజీలో ఉందో తెలియనివాడికి పుస్తకం ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. పురాణం తెలియనివాడికి భాగవతం చేతికిచ్చి గజేంద్రుడి కథ తీయమన్నట్టు ఉంటుంది. ముందు రెండుసార్లు తిరగేసి, కాగితపు ముక్కలు గుర్తు పెట్టుకు వెళ్లినవాడు సుఖంగా బయట పడతాడు.

బ్యాంకుల్లో చేరిన పిల్లలకు జె.ఎ.ఐ.ఐ.బి., సి.ఎ.ఐ.ఐ.బి. అని రెండు పరీక్షలున్నాయి. 1928లో పుట్టిన బ్యాంకర్ల ఇన్‌స్టిట్యూటు వీటిని నడుపుతుంది. పాసయితే జీతంలో ఇంక్రిమెంట్లు కలుస్తాయి, ప్రమోషన్లప్పుడు పనికివస్తాయి. పెళ్లికి ముందే ఇవి ముగించుకోమని మా అమ్మాయిలకు, అబ్బాయిలకు కూడా చెబుతాను. పెళ్లయ్యాక చదవలేరని కాదు. చదువుతామంటే ఇంటినిండా వచ్చిన చుట్టాలు ఒప్పుకోరు.

ఇప్పుడు కొంచెం ఇబ్బందైన విషయం. మీ గురించి మీ పై అధికారి ఏడాదికొకసారి రాసే రిపోర్టు. వెనకటి రోజుల్లో దాన్ని రహస్య నివేదిక అనేవారు. చెడ్డగా రాస్తే తప్ప ఉద్యోగికి తెలియనిచ్చేవారు కాదు. సరిహద్దు రోడ్ల శాఖలో దేవ్ దత్ అనే ఇంజనీరుకు ఒక సంవత్సరం 'బాగు' అని రాశారు. బాగు అంటే బాగేకదా, చెప్పవలసిన పనేముందని ఎవరూ ఆయనకు చెప్పలేదు. తీరా ప్రమోషనుకు 'చాలా బాగు' ఉండాలన్నారు. ఆ ఒక్క విశేషణం లేని పాపానికి ఆయన వెనకపడ్డారు. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2008 మే నెలలో కోర్టు తీర్పు చెప్పింది: మంచిగాని చెడుగాని, నివేదికలో రాసిన ప్రతి మాటా ఉద్యోగికి తెలియజేయవలసిందే అని. తెలుగు మేష్టారుగా నాకు ఈ కేసు అంటే ప్రత్యేకమైన అభిమానం. 'చాలా' అనే రెండక్షరాల కోసం దేశంలోని అత్యున్నత న్యాయస్థానం కూర్చుని ఆలోచించింది! ఆ మరుసటి ఏడాది నుంచి కేంద్ర ఉద్యోగులకు నివేదిక పూర్తిగా చూపించి, అభ్యంతరాలుంటే 15 రోజుల్లో చెప్పుకోవచ్చునన్నారు.

హక్కు వచ్చిందిగాని, దాన్ని వాడుకునేవాళ్లు తక్కువ. ఆ నివేదికలో ఒక భాగం ఉద్యోగి స్వయంగా రాసుకోవాలి. అక్కడ మనవాళ్లు "అప్పగించిన పనులన్నీ సంతృప్తికరంగా నిర్వర్తించితిని" అని ఒక వాక్యం రాసి సంతకం పెడతారు. అది దండకంలా ఉందేగాని దానివల్ల అధికారికి తెలిసేదేమీ లేదు. ఏడాది మొదట్లో మీ బల్లమీద ఎన్ని ఫైళ్లు మిగిలి ఉన్నాయి, ఇప్పుడెన్ని ఉన్నాయి, మీరు కొత్తగా ఏ పద్ధతి పెట్టారు, ఎవరు సెలవులో ఉన్నప్పుడు ఎన్ని నెలలు వారి పనికూడా చేశారు - ఇవి అంకెలతో రాయాలి. మార్చిలో కూర్చుని గుర్తు చేసుకుందామంటే కుదరదు. నెలాఖరున అయిదు నిమిషాలు డైరీలో రాసుకోవాలి. ఇది డప్పు కొట్టుకోవడం అనుకునే మొహమాటస్తులు మనలో చాలామంది. మీ పని అధికారికి తెలియదు, ఆయన మనసులో మాట మీకు తెలియదు. మధ్యన కాగితం ఒక్కటే మాట్లాడుతుంది.

ప్రైవేటు ఉద్యోగుల జాతకాలు వేరు. 1998లో హైదరాబాదులో సైబర్ టవర్స్ తెరిచాక మన ఇళ్లలో 'ప్యాకేజీ' అనే మాట ఆవకాయంత అలవాటైంది. మా శిష్యురాలొకతె ఏడాదికి ఆరు లక్షలని సంతోషంగా చెప్పింది. వాళ్ల నాన్నగారు పన్నెండుతో భాగించి నెలకు యాభై వేలని లెక్కవేసి, వాయిదాల మీద స్కూటరు కొన్నారు. చేతికి నలభై కూడా రాలేదు. ఎవరూ మోసం చెయ్యలేదు. ఆ ఆరు లక్షల్లో కంపెనీ కట్టే ప్రావిడెంటు ఫండు వాటా, గ్రాట్యుటీకి పక్కన పెట్టేది, బీమా ప్రీమియం, పనితీరునుబట్టి ఇచ్చేది అన్నీ కలిసే ఉంటాయి. "నెలకు చేతికి ఎంత వస్తుందండీ?" అని చేరకముందే అడగడం మర్యాద తక్కువ పని కాదు.

కంపెనీ మారేటప్పుడు మూడు జాగ్రత్తలు చాలు. కొత్త ఆర్డరు రాతపూర్వకంగా చేతికి రాకుండా పాతదానికి రాజీనామా ఇవ్వకూడదు. పాత కంపెనీ నుంచి రిలీవింగ్ లెటరు తీసుకోకుండా కదలకూడదు. ప్రావిడెంటు ఫండుకు 2014 నుంచి ఒకే యు.ఎ.ఎన్. నెంబరు వచ్చింది కనుక, పాత సొమ్మును కొత్తదానికి మార్పించుకోవాలేగాని టీవీ కొనడానికి తీసివేయకూడదు. అయిదేళ్లు నిండకుండా తీస్తే పన్ను పడుతుంది. పెన్షనుకు పదేళ్ల సర్వీసు లెక్క కావాలి.

మారడం అంటే ఓడిపోవడమని మనవాళ్లకొక అనుమానం ఉంది. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు హార్వర్డులో ఉండగా, 1925లో శరీరంలోని ఫాస్ఫరసును కొలిచే పద్ధతిని ఫిస్కేతో కలిసి ప్రకటించారు. ఆ పద్ధతి ఇద్దరి పేర్లతోనూ ప్రసిద్ధికెక్కింది. అయినా అక్కడ ఆయనకు స్థిరమైన ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో లెడర్లీ అనే మందుల కంపెనీకి వెళ్లారు. 1948లో కన్నుమూసేదాకా ఆ ఎనిమిదేళ్లలో ఆయన నడిపించిన పరిశోధనలనుంచే బోదకాలు మందు, ఆరియోమైసిన్, క్యాన్సరు వైద్యంలో దారి చూపిన మందులు వచ్చాయి. పెద్ద పేరున్న చోట తలుపు తెరవకపోతే చిన్న పేరున్న చోటికి వెళ్లడం నామోషీ అని ఆయన అనుకుని ఉంటే మన పల్లెల్లో బోదకాలు రోగులకు ఏమయ్యేదో!

ఇక బల్ల మీద పని. దీన్ని గురించి నాకు చెప్పే అధికారం కొంత ఉందనుకుంటాను, ఎందుకంటే ఇది భాషకు సంబంధించినది. ఏ ఆఫీసులోనైనా పైకి వచ్చినవాళ్లను గమనించండి. పదిమంది చెప్పిన గందరగోళాన్ని అర పేజీలో రాసిపెట్టగలవాడు వాళ్లలో తప్పక ఉంటాడు. ఏం జరిగింది, నిబంధన ఏమంటుంది, ఇప్పుడు ఏం చెయ్యాలి - ఇంతే నోటు. దీన్ని మూడు పేజీలు రాసేవాడికి విషయం తెలియదని అర్థం. రోజుకొక పాత మంచి ఫైలు తీసి, దాన్ని ఎవరు ఎలా రాశారో చూడండి. ఆరు నెలల్లో చెయ్యి తిరుగుతుంది. ఇంగ్లీషు, తెలుగు రెండూ కావాలి. హైదరాబాదులో అయితే కొంచెం హిందీ కూడా.

భాష అన్నం పెట్టడం మనకు కొత్త కాదు. కాశీయాత్ర చరిత్ర రాసిన ఏనుగుల వీరాస్వామయ్య గారు చిన్నతనంలోనే తండ్రిని పోగొట్టుకొని, వాలంటీరుగా కొలువులో అడుగుపెట్టి, నాలుగు భాషలు నేర్చిన బలంతో మద్రాసు సుప్రీంకోర్టులో హెడ్ ఇంటర్‌ప్రిటరు అయ్యారు. గిడుగు రామమూర్తి పంతులు గారు మెట్రిక్యులేషను పాసై 1880లో పర్లాకిమిడిలో చిన్న మేష్టరుగా చేరారు. బి.ఏ. పరీక్ష ఉద్యోగం చేస్తూనే ప్రైవేటుగా ఇచ్చారు. అక్కడితో ఊరుకుంటే ఒక మంచి మేష్టరుగా రిటైరయ్యేవారు. కాని చుట్టుపక్కల కొండల్లో సవరలు మాట్లాడే భాష ఆయన చెవిన పడింది. దాన్ని నేర్చుకోమని ఏ ఇన్‌స్పెక్టరూ సర్క్యులరు పంపలేదు, ఇంక్రిమెంటు ఇస్తామని చెప్పలేదు. సవర భాష తెలిసిన మనిషిని ఇంట్లో పెట్టుకొని, సొంత డబ్బు ఖర్చుపెట్టి నేర్చుకున్నారు. ఏళ్లు గడిచాక వ్యాకరణం, నిఘంటువు తయారుచేశారు. ప్రభుత్వం తరువాత మెచ్చుకొని బిరుదులు, పతకం ఇచ్చింది. తెలుగు వాడుకభాష కోసం ఆయన చేసిన యుద్ధానికి వెనక ఈ సవర భాషాభ్యాసం ఉందని నా నమ్మకం. మీ ఉద్యోగానికి పక్కనే, ఎవరూ పట్టించుకోని పని ఏదో ఒకటి ఉంటుంది. ఆఫీసులో కొత్త కంప్యూటరు పద్ధతి కావచ్చు, కోర్టు కేసుల రిజిస్టరు కావచ్చు. దాన్ని పట్టుకున్నవాడిని రెండేళ్ల తరువాత అందరూ వెతుక్కుంటూ వస్తారు.

చివరి విషయం ప్రమోషను. ఇది వచ్చినప్పుడు కూడా వద్దనేవాళ్లుంటారని మా నాన్నగారి తరం నమ్మదు. కాని బదిలీ భయంతో ప్రతి ఏడాదీ ఎంతోమంది వద్దని రాసి ఇస్తూనే ఉన్నారు. వాళ్లలో ఆడవాళ్లు ఎక్కువ. వద్దంటే ఏమవుతుందో తెలుసుకొని అనాలి. కేంద్ర కొలువుల్లో ఒకసారి వద్దన్నవాళ్లకు ఏడాదిదాకా మళ్లీ అవకాశం ఇవ్వరు; ఈలోగా పైకి వెళ్లిన జూనియర్లు అక్కడ సీనియర్లయిపోతారు. ప్రమోషను రాకుండా ఉండిపోయినవాళ్లకు 10, 20, 30 ఏళ్లకు ఇచ్చే జీతం మెట్టు కూడా, ముందే ప్రమోషను కాదన్నవాళ్లకు అందదు.

మా శిష్యురాలొకతె ఒక బ్యాంకులో గుమాస్తా. ఆఫీసరు పరీక్ష పాసయింది. రెండు వందల కిలోమీటర్ల అవతల వేశారు. పిల్లవాడికి నాలుగేళ్లు. భర్త ఇక్కడే ప్రైవేటు స్కూలులో పని చేస్తున్నాడు. ఇంట్లో సభ జరిగింది. "ఆడపిల్లకు ఆ పరుగులెందుకు, ఉన్నది చాలదా?" అన్న మేనమామగారు ఆ సభకు అధ్యక్షులు. ఆమె నన్ను సలహా అడిగింది. వెళ్లమనిగాని, వద్దనిగాని చెప్పకుండా, ఒక కాగితం మీద రెండు గడులు గీసి నింపుకు రమ్మన్నాను. ఉంటే పదిహేనేళ్లకు జీతం ఎంత, వెళితే ఎంత. అద్దె, ప్రయాణం, పిల్లవాణ్ణి చూసుకునే మనిషికి ఎంత. ఎన్నేళ్లకు తిరిగి రావచ్చు. రెండు రోజులు బ్యాంకులో సీనియర్లను అడిగి నింపింది. మొదటి రెండేళ్లూ నష్టమే. మూడో ఏటినుంచి తేడా పెరుగుతూ పోయింది. ఆ కాగితం చూశాక మేనమామగారు ఏమీ అనలేదుగాని, అత్తగారు మాత్రం "పిల్లాడు నా దగ్గరుంటాడు, నువ్వు చేరు అమ్మాయ్" అన్నారట.

సుఖంగా జరిగిందని చెప్పను. మొదటి ఏడాది పిల్లవాడు ఫోనులో తల్లి గొంతు వింటే ఏడ్చేవాడు, మాట్లాడనని మొండికేసేవాడు. బ్యాంకులకు రెండవ, నాలుగవ శనివారాలు సెలవు కనుక శుక్రవారం రాత్రి బస్సెక్కి వచ్చి ఆదివారం రాత్రి వెళ్లేది. భర్త వంట నేర్చుకున్నాడు. పులుసు మాత్రం ఇప్పటికీ రాదట. ఇప్పుడు నాలుగో ఏడు నడుస్తోంది. సి.ఎ.ఐ.ఐ.బి.లో ఇంకో పేపరు మిగిలింది. పోయిన నెలలో ఫోనుచేసి, సొంత జిల్లాకు బదిలీ కోరుతూ దరఖాస్తు ఎలా రాయాలని అడిగింది. అర పేజీ మించకుండా రాసి పంపమన్నాను. పేజీన్నర పంపింది. సగానికి పైగా కొట్టేసి, పిల్లవాడి వయసు, తను పని చేసిన ఏళ్లు, ఖాళీ ఉన్న బ్రాంచి పేరు - ఈ మూడూ ఉంచి తిరిగి పంపించాను.